పై పోర్షన్‌లో ఒక రాత్రి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నువ్వు కరెంటాఫీసులో ముప్పై నాలుగేళ్ళు చేశావు కదా, కరెంటు పొదుపు మీద ఓ పావుగంట మాట్లాడు" అన్నారు. సరేనన్నాను. ఉద్యోగంలో ఉండగా ఆ ఉపన్యాసం చాలా ఊళ్ళలో ఇచ్చాను. గదిలోంచి వెళ్తూ లైటు ఆర్పండి, ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడకండి, ఇస్త్రీ అంతా ఒకేసారి చేసుకోండి. అన్నీ నిజమే. కానీ మీ అందరికీ తెలిసినవే. ఇవాళ అది చెప్పను. నేను చేసిన ఒక తప్పు చెబుతాను. బయటి సభలో అయితే చెప్పేవాణ్ణి కాదు. మన బడి కాబట్టి చెబుతున్నాను.

ముందు మన సైన్సు మాస్టారి ఇంటి సంగతి. పేరు చెప్పక్కర్లేదు, మా రోజులవాళ్ళకి ఎవరో తెలుసు. ఆయన బస్టాండు వెనక సిమెంటు రేకుల ఇంట్లో అద్దెకుండేవారు. మన పల్నాడు ఎండల్లో రేకుల ఇల్లంటే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? క్లాసులో ఉష్ణవహనం, ఉష్ణసంవహనం, ఉష్ణవికిరణం అని మూడూ చెప్పి, "మొదటి రెండూ ల్యాబులో చూపిస్తాను. మూడోది కావాలంటే ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి రండ్రా" అనేవారు. ఒక వేసవిలో మేం నలుగురం కుర్రాళ్ళం తాటాకులు మోసుకొచ్చి ఆ రేకుల మీద పరిచాం. వారం కూడా ఉండలేదు. ఇంటాయన వచ్చి, బరువుకి రేకులు పగిలితే ఎవరిది పూచీ అని తీయించేశాడు. మాకు కోపం వచ్చింది. మాస్టారు నవ్వి, "ఇల్లు ఆయనది, ఎండ మనది. ఏం చేస్తాంరా" అన్నారు. ఆ మాట అప్పుడు నాకు జోకులాగే వినపడింది.

తర్వాత ఉద్యోగం, బదిలీలు. తొమ్మిది అద్దె ఇళ్ళు మారాను. ప్రతి ఇంట్లోనూ ఇంటి ఓనర్ని తిట్టుకున్నాను. చివరికి 2009లో గుంటూరులో సొంత ఇల్లు కట్టుకున్నాను. కింద మేం ఉండటానికి, పైన అద్దెకివ్వడానికి.

ఒకే మేస్త్రి, ఒకే సిమెంటు, ఒకే ఇనుము. కానీ కట్టింది రెండు ఇళ్ళు. కింద ప్రతి కిటికీకీ రెండడుగుల సజ్జా, ఎదురెదురుగా కిటికీలు, పడమటి వైపు వేపచెట్టు. పైన పడమటి గదికి పెద్ద అద్దాల కిటికీ పెట్టించాను గానీ, సజ్జా దండగని మానేశాను. మేస్త్రి అడిగాడు కూడా, "సార్, పైన సజ్జా వద్దా?" అని. "అద్దెకిచ్చేదే కదయ్యా" అన్నాను. తొమ్మిది ఇళ్ళల్లో అద్దెకున్నవాడి నోటినుంచి వచ్చిన మాట అది.

2018లో ఫ్యాన్లు మార్చాల్సి వచ్చింది. ఒకే షాపులో, ఒకే రోజు కొన్నాను. కిందికి కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఒక్కోటి 2,800 రూపాయలు. పైకి మామూలు ఫ్యాన్లు, 1,300. ఈ రెండింటి తేడా నాకంటే బాగా తెలిసినవాడు ఆ షాపులో లేడు. మామూలు సీలింగు ఫ్యాను పూర్తి స్పీడు మీద సుమారు 75 వాట్లు తాగుతుంది. బీఎల్‌డీసీ సుమారు 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. తేడా 45 వాట్లు. రోజుకి 15 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగితే 202 యూనిట్లు పైమాటే. మన రాష్ట్రంలో 2022లో సవరించిన శ్లాబుల్లో 126 నుంచి 225 దాకా యూనిట్ 6 రూపాయలు. అంటే ఒక్క ఫ్యాను మీద ఏడాదికి సుమారు 1,215 రూపాయలు. ఫ్యాను కొనేటప్పుడు నేను ఆదా చేసింది 1,500. అది ఒక్కసారికి. పైవాళ్ళు కట్టింది ఏటా. అదీ మూడు ఫ్యాన్లకి.

ఇప్పుడు అసలు విషయం. అద్దెకున్నాయన తానే మంచి ఫ్యాను కొనుక్కోవచ్చు కదా అంటారు. లెక్క చూడండి. కొనేటప్పుడు నేను మంచిది ఎంచుకుంటే నాకు అదనంగా పడేది 1,500. అది 15 నెలల్లో తిరిగొస్తుంది. అదే ఆయన కొనాలంటే, తిరుగుతున్న నా ఫ్యాను అటకెక్కించి పూర్తి 2,800 పెట్టాలి. అది తిరిగిరావడానికి రెండేళ్ళ నాలుగు నెలలు పడుతుంది. మరి మన అద్దె అగ్రిమెంటు ఎన్నాళ్ళకి రాసుకుంటాం? 11 నెలలకి. రిజిస్ట్రేషన్ బెడద వద్దని అందరం పదకొండుకే ఆపుతాం. ఫ్యాను అయినా ఊడదీసి పట్టుకుపోవచ్చు. స్లాబు మీద వేసిన తెల్లరంగు ఎలా పట్టుకుపోతాడు? కిటికీకి కట్టించిన సజ్జా ఎలా పట్టుకుపోతాడు?

బిల్లు కట్టేవాడి చేతిలో నిర్ణయం లేదు. నిర్ణయం తీసుకునేవాడికి బిల్లు రాదు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో లైన్లలో పోయే కరెంటు నష్టాలు లెక్కేశాను గానీ, ఈ నష్టం నాకు కనపడలేదు. కనపడకపోవడానికి కారణం అది మా ఇంట్లోనే ఉండటం.

2020లో పై పోర్షన్‌లోకి ఒక కుటుంబం వచ్చింది. ఆయన ప్రైవేటు కాలేజీలో లెక్చరరు. భార్య, పెద్దావిడ తల్లి, హైస్కూల్లో చదివే పాప. నెమ్మదస్తులు. మొదటి ఎండాకాలం వెళ్ళాక ఆయన కిందికొచ్చి, "అంకుల్, పైన స్లాబుకి వైట్ కోటింగు ఏదైనా వేయిద్దామా? కావాలంటే సగం నేనిస్తాను" అన్నాడు. "చూద్దాంలే" అన్నాను. రెండో ఏడూ అడిగాడు. "చూద్దాం" అన్నాను. మూడో ఏడు అడగలేదు. 2023 మే మొదటి వారంలో ఇల్లు ఖాళీ చేశారు. పెద్దావిడకి పడటంలేదని చెప్పారు. అద్దె బాకీ లేదు, గోడకి ఒక మేకు కూడా కొట్టలేదు. వెళ్తూ పాప మా ఆవిడకి తులసి మొక్క ఇచ్చి వెళ్ళింది.

ఆ నెలలోనే మా ఇంట్లో పెళ్ళి. చుట్టాలతో కింద నిండిపోయింది. నేనూ, మా ఆవిడా చాపా దిండూ తీసుకుని పై పోర్షన్‌లో పడుకున్నాం. సొంత ఇల్లు కట్టిన పద్నాలుగేళ్ళలో నేను అక్కడ పడుకున్న మొదటి రాత్రి అది.

పదకొండయింది. బయట గాలి చల్లబడింది. లోపల ఫ్యాను వేస్తే పైనుంచి వేడిగాలి దిగుతోంది. స్టూలెక్కి కప్పుకి అరచెయ్యి ఆనించాను. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా ఉంది. ఇందులో వింతేమీ లేదు. ఐదంగుళాల కాంక్రీటు స్లాబు పొద్దున్నుంచి ఎండ తాగుతుంది. ఆ వేడి కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. సాయంత్రం ఎండ పోయాక అది లోపలికి వదలడం మొదలుపెడుతుంది. అంటే మనిషి ఇంటికొచ్చి అన్నం తిని పడుకునే వేళకి కప్పు పని మొదలవుతుంది. మాస్టారు చెప్పిన మూడోది ఇదే. ఫ్యాను గాలిని తిప్పుతుందే గానీ చల్లబరచదు. ఏసీ వేస్తే అది ముందు గదిని కాదు, ఆ స్లాబుని చల్లార్చాలి.

లేచి పడమటి గదిలోకి వెళ్ళాను. పాప చదువుకునే గది. కిటికీ అద్దాలకి లోపలివైపు న్యూస్‌పేపర్లు అతికించి ఉన్నాయి. మైదాపిండితో, నీటుగా, మూల నుంచి మూలకి. నేను దండగనుకున్న సజ్జా పని మూడేళ్ళూ ఆ కాగితాలు చేశాయి. పగలు కూడా లైటు వేసుకుని చదువుకుని ఉంటుంది. ఆ కాగితాల కింద కూర్చునే ఆ పాప పదో తరగతి పాసయింది.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "మన కింద ఎందుకు చల్లగా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. మూడేళ్ళు వీళ్ళు మనకి గొడుగు పట్టారండీ. అద్దె మాత్రం మనం తీసుకున్నాం" అంది. నేనేమీ అనలేదు. అనడానికి ఏముంది?

మిత్రులారా, ఈ ముడి నా ఒక్కడి ఇంటిది కాదు. ఎల్‌ఈడీ బల్బుల సంగతి గుర్తుచేసుకోండి. 2015 జనవరిలో కేంద్రం ఉజాలా పథకం మొదలుపెట్టింది. మన దగ్గర అంతకు కొన్ని నెలల ముందే పంపిణీ మొదలైంది. కొన్నేళ్ళలో 60 వాట్ల బల్బు మాయమై 9 వాట్ల బల్బు వచ్చేసింది. అద్దె ఇంట్లోనూ వచ్చింది, సొంత ఇంట్లోనూ వచ్చింది. ఎందుకంటే బల్బు కొనేవాడూ, బిల్లు కట్టేవాడూ ఒకడే. ఇల్లు మారితే బల్బు సంచిలో వేసుకుపోవచ్చు. ఇంటి కప్పు దగ్గరికి వచ్చేసరికి కథ ఆగిపోయింది. ఫ్రిజ్ మీద చుక్కలు 2006 నుంచీ చూస్తున్నాం. సీలింగు ఫ్యానుకి 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు. టులెట్ బోర్డు మీద మాత్రం ఆ చుక్కలు నేనెక్కడా చూడలేదు. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళు నీళ్ళెలా, పార్కింగెక్కడ అని అడుగుతారు. వేసవిలో కరెంటు బిల్లు ఎంతొస్తుందని ఎవరూ అడగరు, మనం చెప్పం.

చలిదేశాల్లో ఈ ముడిని చట్టంతో విప్పుతున్నారు. ఇంగ్లండులో, వేల్సులో ఇళ్ళకి శక్తి వినియోగాన్ని బట్టి ఏ నుంచి జీ దాకా గ్రేడులుంటాయి. 2018 ఏప్రిల్ నుంచి కొత్త అద్దెలకి, 2020 ఏప్రిల్ నుంచి పాత అద్దెలకి కూడా, కొన్ని మినహాయింపులు పోను, ఈ కంటే తక్కువ గ్రేడు ఇల్లు అద్దెకివ్వకూడదు. జర్మనీలో ఇల్లు వెచ్చబరిచే ఇంధనం మీద పడే కార్బన్ రుసుమును 2023 నుంచి ఓనరూ, అద్దెదారూ పంచుకోవాలి. ఇల్లు ఎంత అధ్వానంగా ఉంటే ఓనరు వాటా అంత ఎక్కువ. మరీ అధ్వానమైతే నూటికి 95 వంతులు ఓనరే కట్టాలి. అక్కడ చలి, ఇక్కడ ఎండ. సూత్రం మాత్రం ఒకటే. ఇల్లు ఎవరి చేతిలో ఉందో, బిల్లులో కొంత వాళ్ళకీ తగలాలి.

మన దగ్గర కొత్తగా కట్టే ఇళ్ళకి 2018లో ఎకో నివాస్ సంహిత అని ఒక నియమావళి వచ్చింది. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028కల్లా 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది. మంచిదే. కానీ మీ పై పోర్షన్‌కి నిచ్చెన వేసుకుని ఎక్కాల్సింది మీరే.

నేనేం చేశానో చెప్పి ముగిస్తాను. మూడు పనులు చేశాను. స్లాబు మీద పగుళ్ళు పూడ్పించి ఎండని వెనక్కి కొట్టే తెల్లరంగు వేయించాను. పడమటి కిటికీకి సజ్జా కట్టించాను. మూడు ఫ్యాన్లు మార్పించాను. ఏడాదికోసారి స్లాబు కడిగించాలి. దుమ్ము పడితే తెలుపు పనిచెయ్యదు. అంత డబ్బు పెట్టలేనివాళ్ళు సున్నం కొట్టించినా తేడా తెలుస్తుంది. మన పెద్దవాళ్ళు మిద్దెల మీద చేసిందే అది. కాకపోతే వానలకి కొట్టుకుపోతుంది, ఏటా కొట్టించుకోవాలి.

కొత్తగా వచ్చినవాళ్ళతో కూర్చుని లెక్క దాచకుండా చెప్పాను. "మూడు ఫ్యాన్ల మీద మీకు నెలకి 300 రూపాయల దాకా మిగులుతుంది. ఆ 300 అద్దెలో కలుపుతాను. ఫ్యాన్ల ఖరీదు 8,400. 28 నెలలకి నా డబ్బు నాకొస్తుంది. ఆ తర్వాత 300 తగ్గిస్తాను." ఇది అగ్రిమెంటులో రాయించాను. రాసిచ్చిన లాయరుగారు కళ్ళద్దాలు తీసి నన్నొకసారి చూశారు. కప్పుకీ, సజ్జాకీ పైసా అడగలేదు. అవి నా ఇంటి ఆస్తి. పైగా పాత బాకీ.

ఇళ్ళున్నవాళ్ళకి ఇంకొక మాట. ఒకే మీటరు మీద రెండు పోర్షన్లు నడపకండి. మన శ్లాబులు మెట్లలాంటివి. ఇద్దరికీ వేరే మీటర్లుండి చెరో 200 యూనిట్లు కాల్చారనుకోండి. వాడకం ఛార్జీ ఒక్కొక్కరికి 867, ఇద్దరికీ కలిపి 1,734 రూపాయలు. అదే 400 యూనిట్లు ఒకే మీటరు మీద పడితే 2,548. కరెంటు పెరగలేదు, చల్లదనం పెరగలేదు, నెలకి 800 పైచిలుకు ఊరికే పోయింది. సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కి ఇంతని వసూలు చేసేచోట ఆ భారమంతా అద్దెకున్నవాళ్ళ నెత్తిన పడుతుంది.

అద్దెకున్నవాళ్ళకీ ఒక మాట. మీతో వచ్చే వస్తువుల్లో డబ్బు పెట్టండి. ఫ్రిజ్, ఏసీ కొనేటప్పుడు చుక్కలు చూడండి. ఇల్లు మారిన ప్రతిసారీ ఊడదీసి బిగించాలి కదా అని పాత ఏసీ చవగ్గా కొంటారు. ఆ చవక బిల్లులో తేలుతుంది. 24 మీద పెట్టి ఫ్యాను కలిపి వేసుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం ఆదా అని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. ఎండ తగిలే కిటికీకి పరదా లోపల కట్టేకంటే బయట వట్టివేళ్ళ తడికో, వెదురు తెరో కట్టండి. ఎండని అద్దం దాటకముందే ఆపాలి. ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు మధ్యాహ్నం మూడింటికి వెళ్ళండి. పాత మే నెల బిల్లు చూపించమని అడగండి. అడగడం తప్పు కాదు. మా లెక్చరరుగారు రెండుసార్లు అడిగారు. తప్పు నాది.

ఆయనకి తర్వాత ఫోన్ చేశాను. "రంగు వేయించాను, సజ్జా కూడా పెట్టించాను" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "మంచి పని చేశారంకుల్. కొత్తగా వచ్చినవాళ్ళకి పిల్లలున్నారా?" అని అడిగాడు. అంతే.

మాస్టారు ఇవాళ మన మధ్య లేరు. కానీ ఈ ఊళ్ళో ఇప్పటికీ మన బడి టీచర్లు చాలామంది అద్దె ఇళ్ళల్లోనే ఉన్నారు. ఆ ఇళ్ళల్లో కొన్నిటి ఓనర్లు ఈ హాల్లోనే కూర్చున్నారు. మిమ్మల్ని నేను అడిగేది ఒకటే. శివరాత్రికి చలి శివశివా అని పోయేలోపు, మీ అద్దె పోర్షన్ కప్పు మీదికి ఒకసారి ఎక్కి చూడండి. వచ్చే మే నెలలో ఒక రాత్రి, అద్దెకున్నవాళ్ళు ఊరెళ్ళినప్పుడు వాళ్ళనడిగి, అక్కడ పడుకుని చూడండి. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

చివరగా సంఘం పెద్దలకొక విన్నపం. స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర ఆర్చి కట్టిద్దామనుకుంటున్నారని విన్నాను. కట్టిద్దాం, నా వంతు నేనిస్తాను. కానీ మనం చదివిన పెంకుల హాలు ఇప్పుడు లేదు. దాని చోట స్లాబు బిల్డింగొచ్చింది. పై అంతస్తులో ఎనిమిది, తొమ్మిది తరగతులు నడుస్తున్నాయి. నిన్న సాయంత్రం ఐదింటికి ఆ గదిలోకి వెళ్ళి బెంచీ ఎక్కి కప్పుకి చెయ్యి పెట్టి చూశాను. ఆర్చి కంటే ముందు ఆ స్లాబుకి తెల్లరంగు వేయిద్దాం. ఆ గదిలో పిల్లలు వేడి మూడు దారుల్లో ప్రయాణిస్తుందని పుస్తకంలో చదువుకుంటే చాలు.

సెలవు.